చిల్లు కాదు, కాజా

ప్రియమైన దర్జీ బావకి,

నువ్వూ నన్ను బావా అంటావు, నేనూ నిన్ను బావా అంటాను. మన ఉత్తరాలు కలిసిపోతే ఎవడు ఎవడికి రాశాడో దేవుడు కూడా తేల్చలేడు. అందుకని ఇవాళ్టి నుంచి నువ్వు దర్జీ బావవి, నేను పంక్చరు బావని. మా చెల్లెల్ని చేసుకున్నందుకు ఈ బిరుదు నీకు ఉచితం.

ఫోను చేయొద్దన్నావని చేయడం లేదు. "నీ గొంతు వింటే ఏడుపొస్తుంది బావా, ఇక్కడ ఏడవడానికి చోటు లేదు" అన్నావు. ఇన్నేళ్ళలో నా గొంతు విని నీకు కోపం తప్ప ఇంకేమీ రాలేదు కదయ్యా! రోజూ మధ్యాహ్నం నువ్వు కుట్టుమిషను మీద తల పెట్టి కునుకు తీసేవాడివి. నేను సరిగ్గా అప్పుడే సైకిలు బెల్లు కొట్టుకుంటూ నీ కొట్టు ముందు నుంచి పోయేవాణ్ణి. నువ్వు కత్తెర పట్టుకుని వీధిలోకి వచ్చేవాడివి. నిన్న అలవాటు కొద్దీ మూసి ఉన్న షట్టరు ముందు బెల్లు కొట్టాను. షట్టరు నన్ను తిట్టలేదు. ఏం బాగోలేదు.

సరే, పాప సంగతి. పుట్టీ పుట్టగానే గోళ్ళు నీలంగా ఉన్నాయనీ, గుండెలో చిల్లుందనీ మన ఊరి డాక్టరు చెప్పగానే మిమ్మల్ని ఆ పెద్దాసుపత్రికి తరిమారు. చెల్లెలు అంబులెన్సు ఎక్కుతుంటే దాని మొహం చూడలేక, కిందకి వంగి టైర్లలో గాలి చూస్తున్నట్టు నటించాను. గాలి బాగానే ఉంది, నటనే బాగోలేదు.

ఇంతకీ చిల్లా? చిల్లు గురించి నాకా చెప్తావు? ముల్లు, మేకు, గాజుపెంకు, పక్క వీధి పిల్లల కుట్ర, దేనివల్ల పడ్డా నేను మూయని చిల్లు ఈ ఊళ్ళో లేదు. ఆ డాక్టరుకి ఎక్కడుందో దొరక్కపోతే తొట్టెలో నీళ్ళు పోసి బుడగ ఎక్కడొస్తుందో చూడమను. కవరులో ఒక ప్యాచీ పెట్టాను, కొత్తది, గుండ్రటిది. చెల్లెలికి చూపించు. నవ్వితే మంచిది. నవ్వకపోతే నన్ను తిట్టమను, అదీ మంచిదే.

పాపకి ఇంకా పేరు పెట్టలేదుగా. మీరు తీరిగ్గా పెట్టేదాకా నేనాగలేను. సైకిలు ట్యూబుకి గాలి కొట్టే చోట లోపల ఇంత రబ్బరు ముక్క ఉంటుంది, చిటికెన వేలి గోరంత. అది లేకపోతే రోజంతా కొట్టినా గాలి నిలవదు. దాన్ని వాల్‌ట్యూబు అంటారు. మన పిల్లా అంతే ఉంది, మన రెండిళ్ళ గాలీ దాని మీదే నిలబడి ఉంది. కాబట్టి దాని పేరు వాల్‌ట్యూబు. నచ్చకపోతే మీ ఇష్టం, నేనైతే అలాగే పిలుస్తాను.

ఇది మన బస్సు డ్రైవరు తెచ్చి ఇస్తాడు. వాడి బస్సు ఆసుపత్రి గేటు ముందే ఆగుతుంది. జవాబు వాడికే ఇవ్వు. చదవొద్దని గట్టిగా చెప్పాను, అంటే చదివే ఉంటాడు.

నీ నిద్రకి శత్రువు,
పంక్చరు బావ

•

ప్రియమైన పంక్చరు బావకి,

ఉత్తరం అందింది. డ్రైవరు చదివాడు. నా చేతికిస్తూ "వాల్‌ట్యూబు ఎలా ఉంది?" అని అడిగాడు.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. కొలతలు రాసుకోవడమే వచ్చు. అలాగే రాస్తాను.

పాప ఉన్న గదిలోకి ఒకసారికి ఒక్కరినే రానిస్తారు, తల్లి గాని తండ్రి గాని. మన చెప్పులు బయట విడిచి, లోపల వేసుకునే రబ్బరు చెప్పులు తొడుక్కోవాలి. మంచానికి ఒకటే జత. మీ చెల్లెలు బయటికొచ్చి విప్పుతుంది, నేను వేసుకుంటాను. వెచ్చగా ఉంటాయి. నేను వచ్చి విప్పుతాను, తను వేసుకుంటుంది. మేం కలిసేది ఆ తలుపు దగ్గరే.

పాప ముక్కులో గొట్టం, పాదానికి సూది, ఛాతీ మీద తీగలు. నా జేబులో టేపు ఉంటుందిగా, అలవాటుగా తీశాను, మళ్ళీ జేబులో పెట్టేశాను. కొలవబుద్ధి కాలేదు.

ఇవాళ డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. చిల్లు అసలు జబ్బు కాదట. గుండెలో ఎడమ సగం ఎదగనే లేదు. ఒంటికంతా రక్తం తోయాల్సింది ఆ సగమేనట. అక్కడి వాల్వు మూసుకుపోయి పుట్టింది. ఆమె "వాల్వు" అనగానే మీ చెల్లెలు నా వైపు చూసింది. నీ ఉత్తరం తన చేతిలోనే ఉంది.

ఇంకోటి. పాప ఇంకా ఊపిరి తీస్తున్నది ఆ చిల్లు వల్లేనట. కడుపులో ఉన్న పిల్లలందరికీ గుండె దగ్గర ఒక చిన్న దారి కూడా ఉంటుందట, పుట్టాక దానంతటదే మూసుకుపోతుంది. మన పాపకి అది మూసుకుపోతే అంతే. మూసుకుపోకుండా ఆ సూదిలోంచి బొట్టు బొట్టుగా మందు ఎక్కిస్తున్నారు. కాబట్టి నీ ప్యాచీ ఇక్కడ పనికిరాదు బావా. ఇక్కడ ఇంతమందీ చిల్లు మూసుకుపోకుండా కాపలా కాస్తున్నారు.

మీ చెల్లెలు బాగానే ఉంది.

ఉంటాను,
దర్జీ బావ

•

ప్రియమైన బావగారికి నమస్కరించి వ్రాయునది.

తమరి లేఖ చేరి సమస్త విషయములును అవగతమైనవి. మిక్కిలి చింతాక్రాంతుడనైతిని. ఈ విషమ సమయమున తాము గుండె దిటవు చేసుకొని ధైర్యము వహింపవలెను. సర్వమును భగవంతుని సంకల్పము. మానవ మాత్రులము నిమిత్తమాత్రులము. సోదరిని ఓదార్చగలరు. నా పూర్వ లేఖయందలి చాపల్యమును పెద్దమనసుతో మన్నింపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు

•

ప్రియమైన పంక్చరు బావకి,

పోయిన ఉత్తరం ఎవడు రాశాడు?

మీ చెల్లెలు లోపల చదువుకుంది. బయటికొచ్చి చెప్పులు విప్పుతూ, "మా అన్నయ్య పోయాడా?" అంది. నేను బిత్తరపోయాను. "లేకపోతే ఇదేంటి? అవగతమట! వాడికి అవగతమంటే ఏంటో తెలుసా? రిటైర్డు హెడ్మాస్టరు చెప్తుంటే వీడు నాలుక బయటపెట్టి రాసుంటాడు. ఆ మాస్టారికి చెప్పండి, నా కూతురింకా బతికే ఉందని" అంది. డాక్టరమ్మ గదిలోంచి వచ్చాక తన నోటి నుంచి నేను విన్న పెద్ద మాట అదే.

నీ మొదటి ఉత్తరం పాపకి రోజూ చదివి వినిపిస్తోంది, పైకే. గదిలో నర్సులందరికీ నోటికి వచ్చేసింది. మంచానికి కట్టిన అట్టముక్క మీద 'ఫలానా ఆవిడ పాప' అని మాత్రమే ఉండేది. పెద్ద నర్సు దాని కింద పెన్నుతో 'వాల్‌ట్యూబు' అని రాసింది. ఇప్పుడు నన్ను "వాల్‌ట్యూబు నాన్నా" అని పిలుస్తున్నారు. నాన్నా అని నన్ను ఎవరైనా పిలవడం అదే మొదలు. నీ ప్యాచీని స్పిరిటుతో తుడిచి మంచం కమ్మీకి అంటించారు. కాబట్టి ఆ పేరు గురించి నువ్వు కుమిలిపోకు.

అద్దంలోంచి చూస్తూ కూర్చుంటే నాకొకటి తట్టింది. నీ పనిలో చిల్లు పడితే నష్టం, మూసెయ్యాలి. నా పనిలో గుడ్డ నిక్షేపంలా ఉన్నా నేనే కావాలని కోస్తాను. కోసిన చోట పోగులు లేవకుండా, పెదాలు అతుక్కుపోకుండా చుట్టూ దారం తిప్పుతాను. గుండీ దాంట్లోంచే పోవాలి మరి. పాపకి ఉన్నది చిల్లు కాదు బావా, కాజా. ఆ మందు బొట్లు దాని చుట్టూ తిప్పే దారం.

కానీ కాజా ఒక్కటే చొక్కా కాదుగా. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి ఆపరేషను. ఒకటి కాదు, ఎదిగే కొద్దీ ఒకదాని తర్వాత ఒకటి. అందులో మొదటిదే గండం, ఇంత నలుసు తట్టుకోవడం కష్టమంది. రెండోది, తీగలన్నీ తీసి మా ఒళ్ళో పెట్టేస్తారు. నొప్పి తెలియకుండా చూస్తారు, ఉన్నంతసేపు ఉంటుంది. మీరు ఏది ఎంచుకున్నా తప్పు కాదు అంది. తప్పు ఏదో చెప్తే దాన్ని తప్పించుకునేవాణ్ణి.

చూడ్డానికి వచ్చేవాళ్ళు వస్తున్నారు. మా పెద్దమ్మ వచ్చి "వయసులో ఉన్నారు, మళ్ళీ పుడతారులే" అంది. ఇస్త్రీలో చొక్కా కాలితే ఇంకోటి కుట్టుకోమన్నట్టు. మిగతావాళ్ళు నన్ను పక్కకి పిలిచి ఆవిడ తింటోందా, ఆవిడ పడుకుంటోందా అని అడుగుతారు. జవాబు చెప్పి పంపుతున్నాను.

నువ్వు చెప్పు బావా. ఏం చెయ్యమంటావు?

మీ చెల్లెలు బాగానే ఉంది.

దర్జీ బావ

•

ప్రియమైన దర్జీ బావకి,

మాస్టారిని ఏమీ అనకండి. పాపం ఆయన మానాన ఆయన పేపరు చదువుకుంటుంటే నేనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. వాల్వు మాట చదివాక నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. ప్రపంచంలో ఇన్ని పేర్లుండగా దానికి లేనిదాన్నే తెచ్చి పేరు పెట్టాను చూడు! ఇక మీదట గౌరవంగా ఉందామనుకున్నాను. గౌరవం నా కొలతకి కుట్టింది కాదని తేలింది. చంకల్లో పట్టేసింది.

నీ కొట్టు తాళం నా దగ్గరుంది కదా. నువ్వు కుట్టి మడత పెట్టి పోయినవి జనానికి అందజేద్దామని తెరిచాను. బ్యాంకు కాపలావాడి పంట్లాం వాచీల కొట్టాయనకిచ్చాను. ఆయన దాన్ని నడుం దగ్గర పట్టుకుని "ఇందులో ఇంకో మనిషిని కూడా ఇస్తారా?" అన్నాడు. కాపలావాడేమో వాచీలాయన పంట్లాంలోకి ఒక కాలు దూర్చాడు. అది లోపలికీ పోదు, బయటికీ రాదు. వీధి పొడుగునా ఒంటికాలి మీద గెంతుకుంటూ నా షాపుకొచ్చాడు, తుపాకీ భుజాన అలాగే ఉంది. నేను ఆ కాలికి సబ్బునీళ్ళు రాసి లాగాను, టైరు ఊడదీసినట్టు. తప్పంతా కుట్టినవాడిదని చెప్పాను. నువ్వొచ్చి వాడితో పడు.

ఇక నువ్వడిగినదానికి జవాబు. నాకు తెలీదు.

ఎవరూ అడక్కుండానే ఊరందరికీ సలహాలిచ్చే నోరిది. పెళ్ళిళ్ళకిచ్చాను, కోర్టు గొడవలకిచ్చాను, డాక్టర్లకే మందులు చెప్పాను. ఇది మాత్రం తెలీదు. తెలిసినట్టు ఒక మాట అనేస్తే నువ్వు బతికినంతకాలం ఆ మాట మోస్తావు. ఆ బరువు నీ మీద పెట్టను. మీరిద్దరూ ఏదంటే అదే సరి. దాన్ని తప్పుపట్టేవాడి సైకిలు ఎప్పటికైనా నా షాపుకి రావాల్సిందేగా, అప్పుడు చూసుకుంటాను.

కానీ నాదీ ఒక ప్రశ్న. రెండు ఉత్తరాల చివరా 'మీ చెల్లెలు బాగానే ఉంది' అని రాశావు. రెండుచోట్లా అచ్చంగా అవే మాటలు, స్కేలు పెట్టి గీసినట్టు. నువ్వు నిజం చెప్పేటప్పుడు తడబడతావు బావా. అబద్ధమైతేనే ఇంత తిన్నగా వస్తుంది. అసలు మీ ఇద్దరికీ మాటలున్నాయా? ఒకరు లోపల, ఒకరు బయట. తలుపు దగ్గర చెప్పులు మార్చుకుంటున్నారు సరే, మాటేమైనా మార్చుకుంటున్నారా? ఈ సంగతి ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని తేల్చుకోవాల్సింది. మీకు బెంచీ ఉంది, పక్కన మనిషే ఉండట్లేదు.

అందుకని నేనొస్తున్నాను. సలహా చెప్పడానికి కాదు, ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి. పాప దగ్గర నేను కూర్చుంటాను, మీరిద్దరూ కలిసి వెళ్ళి టీ తాగండి. మూడో మనిషిని రానివ్వరంటావేమో. పెద్ద నర్సుని నాకొదిలెయ్.

అన్నట్టు, అందరూ చెల్లెలి గురించి నిన్నడుగుతున్నారన్నావు. నేను నిన్ను నీ గురించే అడుగుతున్నాను. నువ్వు తిన్నావా?

రేపటి బస్సులో బయల్దేరే,
పంక్చరు బావ

•

దర్జీ బావకి,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కనబడుతూనే ఉంటుంది.

అందరం ఊరికి తిరిగొచ్చాం. మీ ఇల్లు పక్క వీధే. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాను. అందుకని ఇది తలుపు కిందనుంచి తోస్తున్నాను.

పెద్ద నర్సు నన్ను చూడగానే "పంక్చరు బావవి నువ్వేనా?" అని నవ్వింది. కాసేపే అని చెప్పి లోపలికి పంపింది. ఆ చెప్పులు నాకు సగం పాదానికే వచ్చాయి, మడమలు నేల మీదే. మీరిద్దరూ వరండాలో ఒకరి వెనక ఒకరు నడిచిపోవడం అద్దంలోంచి చూశాను. పక్కపక్కన నడవండిరా అనుకున్నాను. పాప నా వేలు పట్టుకుంది. దానికి కాపలావాడి పంట్లాం కథ చెప్పడం మొదలుపెట్టాను. వాడు ఒంటికాలి మీద గెంతుతూ వీధి మలుపు తిరిగాడు. అప్పుడు మంచం పక్కనున్న మిషను కూత మారింది. నర్సులొచ్చారు, డాక్టరమ్మ వచ్చింది, నన్ను గోడ వైపుకి జరిపారు. చాలాసేపు చేశారు. తర్వాత పెద్ద నర్సు నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

తలుపు తీసుకుని బయటికొచ్చాను. మీరు బెంచీ మీద ఉన్నారు. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. ఈ నోట్లోంచే, బావా, ఏమీ రాలేదు. చెల్లెలు నా మొహం చూడలేదు, నా కాళ్ళ కేసి చూసింది. ఆ చెప్పులు విప్పడం మర్చిపోయి వచ్చేశాను. దానికి తెలిసిపోయింది. నేను మెట్ల మీదికి పారిపోయాను.

కన్నవాళ్ళకి దక్కాల్సిన ఆఖరి ఘడియ నేను కాజేశాను. పోండి, టీ తాగండి అని మిమ్మల్ని తోలి మరీ. ఎంత గొప్ప తెలివో చూడు. ఇక నా వల్ల ఎవరికీ ఏ నవ్వూ అక్కర్లేదు. షాపు తెరుస్తున్నాను గాని మాట్లాడటం లేదు. సైకిలుకి బెల్లు ఊడదీసేశాను.

పంక్చరువాడు

•

ప్రియమైన పంక్చరు బావకి,

'ప్రియమైన' అని రాశాను, కొట్టేయలేదు, చూసుకో.

పక్క వీధికి ఉత్తరం రాసే గతి పట్టించావు నాకు. ఇది బస్సు డ్రైవరుకే ఇచ్చి పంపుతున్నాను. మన సంగతులన్నీ తెలిసిన మనిషి, నీకు అర్థం కాని చోట విడమరిచి చెప్తాడు.

నీ ఉత్తరం మీ చెల్లెలే పైకి చదివింది. చదివి, "వీడికి మొత్తం తలకిందులుగా అర్థమైంది, మీరు రాయండి" అంది. రాస్తున్నాను.

మాకు మాటలున్నాయా అని అడిగావు. లేవు. డాక్టరమ్మ ఆ రెండు దారులూ చెప్పిన దగ్గర నుంచీ లేవు. తలుపు దగ్గర తను నా మొహం చూసేది కాదు, నేనూ తన మొహం చూసేవాణ్ణి కాదు. నీ ఉత్తరాన్ని మడిచి ఆ రబ్బరు చెప్పులో పెట్టి పోయేవాణ్ణి. తను చదివి మళ్ళీ చెప్పులోనే పెట్టి వచ్చేది. కొన్నాళ్ళు మా కాపురమంతా నీ కోడిగీతల మీదే నడిచింది. 'అవగతము' వచ్చిన రోజు తను మునుపు నన్ను తిట్టినట్టుగా నిన్ను తిడుతుంటే, నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రోజు మేం టీ తాగలేదు. బెంచీ మీద కూర్చుని ఎదుటి గోడ చూశాం. తర్వాత ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. "తీగలు తీయించేద్దాం" అని నేను. "నా ఒళ్ళోకి ఇచ్చెయ్యమందాం" అని తను. ఒకటే మాట, బావా. ఆ మాట పైకంటే రెండోవాళ్ళు జన్మలో క్షమించరని ఇద్దరం అన్నాళ్ళూ గొంతులోనే దాచుకుని తిరిగాం. తను నా భుజం మీద తల ఆనించింది. నువ్వు తలుపు తీసింది అప్పుడు.

ఆఖరి ఘడియ కాజేశాననుకుంటున్నావు. ఇది విను. ఆ తలుపంటే నాకు మొదటి రోజు నుంచీ భయం. ఏదైనా జరిగితే ఒకరు లోపలుంటారు, ఒకరు బయట. లోపలున్నవాళ్ళు ఆ చెప్పులతో బయటికొచ్చి రెండోవాళ్ళకి చెప్పాలి. కాళ్ళు పెట్టే ప్రతిసారీ, ఈసారి నేనేనా, అనుకునేవాణ్ణి. తనూ అదే అనుకునేదట. తను వచ్చి నాకు చెప్పాలి, లేదా నేను వెళ్ళి తనకి చెప్పాలి. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం ఎప్పుడు చూసినా ఆ తలుపే కనబడేది. నువ్వా చెప్పులు మా ఇద్దరికీ తప్పించి నీ కాళ్ళకి తొడుక్కున్నావు. సగం పాదానికే వచ్చినా సరే.

తర్వాత తీగలు తీసి మా ఒళ్ళో పెట్టారు. నువ్వు మెట్ల మీద ఉన్నావు, చూడలేదు. వెచ్చగానే ఉంది. మేం ఇద్దరం కలిసి దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. నీ వేలు పట్టుకున్న గుప్పిట విప్పి చూసింది మీ చెల్లెలు. "మా అన్నయ్య చేతి గ్రీజు" అంది. గోటి పక్కన ఇంత నల్లటి చార. తుడవనివ్వలేదు.

పాప ఆఖర్న విన్నది ఏడుపు కాదు బావా. ఒంటికాలి మీద గెంతుతున్న కాపలావాడి కథ. మిగతా సగం మీ చెల్లెలు వినాలట, తనకి నువ్వే చెప్పాలట.

పాప పుట్టకముందు మొదలుపెట్టిన చిన్న గౌను ఒకటి కొట్టులో మిగిలిపోయింది, కాజాలు తీయాల్సి ఉండగా వదిలేసి వెళ్ళాం. నిన్న కూర్చుని కోశాను, చుట్టూ దారం తిప్పాను. మీ చెల్లెలు ఒక్కో గుండీ పెట్టి చూసింది, మళ్ళీ అన్నీ విప్పింది. ఎవరికని తను అడగలేదు, నేనూ అనుకోలేదు. సగంలో వదిలేయబుద్ధి కాలేదు, అంతే.

ఇక్కడ వీధంతా మంచివాళ్ళయిపోయారు. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు బెల్లు మోగకుండా చేత్తో పట్టుకుని పోతున్నారు. వచ్చినవాళ్ళు గుసగుసగా మాట్లాడతారు. పాపని 'అది' అంటారు, 'ఆ విషయం' అంటారు. దానికి పేరుంది. ఆ పేరు పెట్టినవాడేమో నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు. దర్జీని నేనా, నువ్వా?

మీ చెల్లెలు బాగాలేదు బావా. నేనూ బాగాలేను. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను, సరిగా తినట్లేదు కూడా.

రేపు మధ్యాహ్నం మిషను మీద తల పెట్టి పడుకుంటాను. నిద్ర పట్టదు గాని పట్టినట్టు నటిస్తాను. నువ్వు బెల్లు బిగించుకుని, కొట్టుకుంటూ రా. పాప పేరు గట్టిగా పిలుచుకుంటూ రా. నేను కత్తెర పట్టుకుని బయటికొస్తాను.

నీ,
దర్జీ బావ